కోడియు, కంచెయు, మన పెరడును

చరిత్ర యనగా రాజుల యుద్ధములు, కోటలు, శాసనములు మాత్రమే యని మనము బడిలో నేర్చుకొంటిమి. కాని కోట గోడకు ఎంత చరిత్ర కలదో, పుంటికూర మడి చుట్టు నిలిచిన దడికిని అంత చరిత్ర కలదు. కోటగోడ ఎన్నడో ఒకనాడు వచ్చు శత్రువు కొఱకు కట్టబడినది. పెరటి దడి ప్రతిదినము తెల్లవాఱగనే వచ్చు శత్రువు కొఱకు కట్టబడినది. ఆ శత్రువు మన యింటి కోడియే, లేదా పొరుగింటి కోడి. ఇది నవ్వుటకు తగిన విషయమని కొందఱు తలంపవచ్చును. అయినను దాజీ పేట్ వంటి ఇరుకైన పేటలో ఇరుగుపొరుగుల స్నేహము నిలుచుటయు, చెడుటయు పెక్కుసార్లు ఇట్టి చిన్న విషయముల మీదనే ఆధారపడియున్నదని పెద్దలెఱుగుదురు. కావున ఈ విషయమును గూర్చి నాకు తెలిసినంతవఱకు ఇచట వ్రాయుచున్నాను.

మన పూర్వులు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మెదకు ప్రాంతముల నుండి మగ్గమును నమ్ముకొని షోలాపురమునకు వచ్చిరి. 1860లో ఈ నగరమునకు రైలుబండి వచ్చినది. 1877లో మొదటి నూలు మిల్లు, అనగా నేటికిని మనము ‘జూనీ మిల్లు’ అని పిలుచునది, వెలసినది. అటుపిమ్మట వలస వచ్చువారి సంఖ్య పెరిగినది. వచ్చినవారు తమతో తెచ్చుకొన్నవి కొద్దిపాటి సామగ్రియే. పలకకఱ్ఱ, నాడె, అచ్చు, మార్కండేయుని భక్తి, బతుకమ్మ పాట, పుంటికూర విత్తనములు, ఒకటి రెండు పెట్టలు. విత్తనములును పెట్టలును ఒకే మూటతో వచ్చినవో లేదో చెప్పలేము గాని, ఒకే పెరటిలోనికి వచ్చినవి. తగవు అక్కడనే మొదలైనది.

పాతకాలపు నేతగాని యిల్లు ఎట్లుండెడిదో తలచుకొనుడు. ముందుగదిలో గుంటమగ్గము. వెనుక వంటిల్లు. దాని వెనుక నాలుగు గజముల నేల. ఆ నేలలో పుంటికూర, తోటకూర, ఒక ఆనపపాదు, ఒక తులసి, బతుకమ్మ నాటికి పనికివచ్చు బంతిమొక్కలు. పురుషులు పడుగు పోయుచుండగా స్త్రీలు కండెలు చుట్టుచు, బీడీలు చేయుచు, ఆ నడుమ చెంబెడు నీరు మొక్కలకు పోయుచుండిరి. నీటి యెద్దడి గల ఈ నగరములో చెంబెడు నీరు తక్కువ వస్తువు కాదు. బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు కూడబెట్టి పెంచిన మడిని ఒక కోడి అరగంటలో తిరుగదవ్వి పోవును. ఇది కూరగాయల ధరకు సంబంధించిన నష్టము మాత్రమే కాదు. నెలదినముల శ్రమ నేలపాలగుట.

కోడి మగ్గమునకును శత్రువే. వీథిలో పడుగు చాచి గంజి పట్టించు దినములలో, ఆ గంజి మెతుకుల కొఱకు కోళ్ళు పడుగు క్రిందికి చేరెడివి. ఒక్క పోగు తెగినచో అతుకుటకు ఎంత సమయము పట్టునో నేతవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. అందుచేత మన యిండ్లలో కోళ్ళను తోలు పని పిల్లలకు ఒప్పగింపబడెడిది. మా బాల్యమున మాకు మొదట దొరకిన ఉద్యోగము అదియే.

ఇంతకును కోడి దోషి యని మనము తీర్పు చెప్పుటకు ముందు దాని స్వభావమును తెలిసికొనవలెను. మన యింటికోడి ఆగ్నేయాసియా అడవులలోని ఎఱ్ఱ అడవికోడి సంతతి. మయన్మారు, ఉత్తర థాయిలాండు, నైరృతి చైనా ప్రాంతముల అడవికోడికి ఇది మిక్కిలి దగ్గఱి బంధువని 2020లో జన్యుపరీక్షల వలన తేలినది. థాయిలాండులోని బాన్ నాన్ వాట్ అను చోట దొరకిన యెముకలను బట్టి, క్రీస్తుకు పూర్వము 1650 – 1250 సంవత్సరముల నడుమ కోడి మనుష్యుని చెంతకు చేరెనని 2022లో పండితులు ప్రకటించిరి. అచటివారు ధాన్యము పండింపగా, ఆ ధాన్యమునకై అది అడవి విడిచి వచ్చెనని వారి యభిప్రాయము. అనగా కోడిని మనము పిలువలేదు. మన చేను దానిని పిలిచినది. నేటికిని అది వచ్చుచున్నది అందుకొఱకే.

రాలిన ఆకులను కాలితో చిమ్మి, అడుగున దాగిన పురుగును, గింజను ఏఱుకొనుట అడవికోడి జీవనవిధానము. వదులుగా త్రవ్వి, ఎరువు వేసి, తడిపిన మన మడి దాని కంటికి వడ్డించిన విస్తరి వలె కనబడును. ఎండకాలమున పొడిమట్టిలో పొరలి ఈకలలోని పేలను వదలించుకొనుటయు దాని యలవాటే. మనము విత్తు నాటిన మెత్తని మట్టియే అందులకును తగినది. కావున అది పగబట్టి చేయుచున్న పని కాదు. తనకు తెలిసిన పని తాను చేయుచున్నది. దానికి బుద్ధి చెప్పవలెనని వెంటబడువాడు సాయంకాలమునకు అలసిపోవును గాని కోడి అలసిపోదు. అందుచేతనే పూర్వులు కోడికి బుద్ధి చెప్పక, కంచె కట్టిరి.

మన భాషలో కంచెకు ఎన్ని పేర్లో చూడుడు. కంచె, దడి, వెలుగు, కంప, ప్రహరి. ముండ్లకొమ్మలు నరికి పేర్చినది కంప. కట్టెలు పాతి, వాని నడుమ తాటికమ్మనో, కందికట్టెనో, వెదురుబద్దనో అల్లినది దడి. వెలుగు అను మాట ఇప్పుడు దీపపు కాంతి కే మిగిలినది గాని, పాత తెలుగులో దానికి కంచె యను అర్థమును కలదు. దడిని ‘అల్లుదురు’ అనియు అందురు. పాతిన కట్టెలు పడుగు, అడ్డముగా పోయిన బద్దలు పేక. నేతగాడు చూచిన కన్ను దడిలోను వస్త్రమునే చూచును. ఇప్పటి మన పిల్లలు ఈ మాటలన్నిటికి బదులుగా ‘కుంపణ్’ అను మరాఠీ మాట నొక్కటినే వాడుచున్నారు. ఆ మాట మంచిదే. కాని అయిదు మాటలు పోయి ఒకటి వచ్చుట లాభమని నేను తలపను.

కంచె విషయమున మన ధర్మశాస్త్రములు మౌనముగా లేవు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున గ్రామము చుట్టును నూఱు ధనువుల మేర పసువుల కొఱకు విడువవలెననియు, పట్టణమునకైనచో దానికి మూడింతలు విడువవలెననియు చెప్పబడినది. ఆ మేరలో కంచె లేని పైరును పశువు మేసినచో కాపరిని దండింపరాదట. కంచె యెట్లుండవలెనో గూడ అచటనే యున్నది. ఒంటె పైనుండి తొంగిచూడరాని యెత్తుండవలెను. కుక్కయు, పందియు తల దూర్చు సందు ఉండరాదు. ఎంత నేర్పుగా ఆలోచించిరో గమనింపుడు. పైన ఒంటె, క్రింద కుక్క. ఈ రెంటి నడుమ సమస్త చతుష్పాత్తులును ఇమిడిపోయినవి. కాని రెండు కాళ్ళ కోడి మాత్రము ఆ లెక్కకు అందలేదు. అది కుక్క దూరలేని సందున దూరును, ఒంటె చూడలేని యెత్తున ఎగిరి వాలును.

ఆంగ్లేయుల చట్టమును అట్లే చేసినది. 1871లో పశువుల యక్రమ ప్రవేశ చట్టము వచ్చినది. దాని ప్రకారమే ఊరూర బందెలదొడ్లు నడచినవి. ఆ చట్టమున పశువు లనగా ఏవో ఒక పట్టిక గలదు. అందు ఏనుగు కలదు, ఒంటె కలదు, గుఱ్ఱము, గాడిద, ఎనుము, పంది, గొఱ్ఱె, మేక, వాని పిల్లలు సైతము కలవు. కోడి లేదు. అనగా మన పేటలో ఏనుగు వచ్చి పుంటికూర తినినచో బందెలదొడ్డికి తోలవచ్చును. కోడి తినినచో దానిని తోలుటకు దొడ్డి లేదు. చట్టము చేయి విడిచిన చోట మనకు మిగిలినవి రెండే, కంచెయును, పొరుగువారి మంచితనమును.

ఇక కంచెల కథలో విచిత్రమైన ఘట్టము నాగజెముడుది. అమెరికా ఖండమునుండి వచ్చిన ఈ ముండ్లమొక్క దక్షిణదేశమున ప్రతి చేని గట్టున కంచెగా నిలిచినది. దీని చరిత్ర మన వృత్తికి చుట్టమే. ఎఱ్ఱరంగు నిచ్చు ఒక చిన్న పురుగు ఈ జాతి జెముడు మీద బ్రదుకును. ఆ రంగును వస్త్రములకు అద్దుటకై తూర్పు ఇండియా కంపెనీవారు ఆశపడిరి. మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అను వైద్యుడు ఇందుకొఱకు జెముడు తోటనే వేసెను. 1795లో బ్రెజిల్ నుండి పురుగును తెచ్చిరి. తీరా చూడగా అది అసలు రంగుపురుగు కాదు, దాని జ్ఞాతి. రంగు సరిగా రాలేదు గాని, అది ఒక జాతి జెముడును తిని హరించినది. పిదప నాగజెముడు మితిమీఱి పొలములను ఆక్రమింపగా, 1926లో సింహళము మీదుగా మఱియొక జాతి పురుగును కోరి తెప్పించి దాని మీదికి వదలిరి. కొద్ది సంవత్సరములలోనే విస్తారమైన నేలలోని జెముడు ఎండి కూలినది. వస్త్రమునకు రంగు కావలెనని మొదలైన ప్రయత్నము తుదకు కంచెను తినివేసినది.

ఆ జెముడు స్థానమున నేడు మన పల్లెలలో కనబడునది సర్కారుతుమ్మ. ఇదియు పరదేశపుదే. జమైకా ద్వీపము నుండి విత్తనములు తెప్పించి, 1877లో కడప జిల్లా కమలాపురమున నాటిరి. షోలాపురమున మొదటి మిల్లు వెలసినదియు ఆ సంవత్సరమే. అవి దక్షిణాపథమున మహాక్షామము తాండవించిన దినములు. ఆకలి మనుష్యులను ఊళ్ళు విడిపించినది. కట్టెల కఱవు పరదేశపు చెట్లను రప్పించినది. నేడు షోలాపురమునకు హైదరాబాదునకు నడుమ దారి పొడవున ఆ తుమ్మయే కనబడుచున్నది.

కాని ఈ ముండ్లకంచె లేవియు కోడిని ఆపునవి కావు. కాడజెముడు, కిత్తనార, గోరింట, వావిలి మొదలగునవి పశువును ఆపును. కోడి వాని మొదళ్ళలోనుండి సుఖముగా నడచిపోవును. 1874లో అమెరికాలో గ్లిడెన్ అనువాడు పేటెంటు పొందిన ముండ్లతీగ ప్రపంచమంతట ప్రాకినది. దానివలన పశువు ఆగినది, మనుష్యుడు ఆగినాడు, కోడి మాత్రము ఆగలేదు. కోడిని ఆపు కంచెను కనిపెట్టుటకు ముండ్లతో పని లేదు, నేతతో పని యున్నది. ఆ విషయము ఇంగ్లాండు దేశమున నార్విచ్ అను నేతగాండ్ర పట్టణమున బయలుపడినది.

నార్విచ్ కథ మనము ప్రత్యేకముగా తెలిసికొనదగినది. 1565లో ఆ పట్టణమువారు తమ నేత పరిశ్రమ క్షీణించుచుండుట చూచి, సముద్రమున కావలి దేశముల నుండి ముప్పది నేతకుటుంబములను రప్పించిరి. ఇరువదినాలుగు డచ్చి కుటుంబములు, ఆరు వలూన్ కుటుంబములు. స్థానికులు వారిని ‘పరాయివారు’ అని పిలిచిరి. వారి నేత ఆ పట్టణమును నిలిపినది. వారు తమతో పెంపుడు కెనరీ పిట్టలను తెచ్చిరనియు, అందుచేతనే నేటికిని నార్విచ్ కాల్బంతి జట్టుకు ఆ పిట్టపేరు నిలిచినదనియు చెప్పుదురు. పరాయివారుగా వచ్చి, మగ్గముతో అన్నము సంపాదించి, తమ పిట్టను గూడ ఊరికి చిహ్నముగా ఇచ్చిన ఆ నేతవారి కథ చదివినపుడు నాకు మన పేట జ్ఞప్తికి వచ్చినది.

అట్టి పట్టణమున 1844లో ఛార్లెస్ బర్నార్డు అను ఇనుపసామాను వర్తకుడు తీగెల వలను అల్లు యంత్రమును నిర్మించెను. అతడు రైతు కొడుకు. యంత్రమునకు మాతృక అచటి బట్టమగ్గము. మనము ‘కోళ్ళజాలి’ యని అంగడిలో కొని తెచ్చుకొను ఆరు మూలల కన్నుల వల అదియే. ఆ వలను చేత పట్టుకొని నేతగాని కన్నుతో చూడుడు. అందు పడుగే కలదు గాని పేక లేదు. నిలువు తీగెలు మాత్రమే యుండును. ప్రతి తీగెయు మొదట తన కుడిప్రక్క తీగెతో మెలివడి, కొంత దూరము పోయి దానిని విడిచి, ఎడమప్రక్క తీగెతో మెలివడును. మఱల కుడికి పోవును. ఇట్లు ఇరుగుతోను, పొరుగుతోను వంతుల వారీగా చేయి కలుపుటచేతనే కన్ను ఏర్పడుచున్నది. అందుచేత ఒక తీగె తెగినను వల యంతయు విప్పుకొని పోదు. 1837లో ఫ్రాన్సు దేశమున సొరెల్ అనువాడు ఇనుమునకు యశదపు పూత పూయు పద్ధతికి పేటెంటు పొందియుండుటచే, తీగె త్రుప్పు పట్టకుండుటకును దారి దొరకినది. ఈ రెండును కలసి కోడికి కంచె యైనవి.

వల దొరకినది గాని, దానిని ఎవరు కట్టవలెనను ప్రశ్న మిగిలినది. తోట గలవాడు తోట చుట్టును కట్టవలెనా, కోడి గలవాడు కోడి చుట్టును కట్టవలెనా? మనువు తోట గలవానిని కట్టుకొమ్మనెను. అమెరికాలోని పడమటి రాష్ట్రములు చాలకాలము అట్లే అన్నవి. తక్కిన చోట్ల పశువు గలవాడే కట్టుకొనవలెనను న్యాయము నడచినది. మా గల్లీలో ఈ ధర్మసందేహము ఒకసారి పెద్ద జగడమునకు దారితీసినది. ఒక యింటివారికి కోళ్ళు, ప్రక్క యింటివారికి పుంటికూర. “వదినా, నీ కోళ్ళు నా మడంత పాడు చేసినయి” అని ఆమె. “నీ మడికి దడి లేకపోతె కోడి తప్పా వదినా” అని ఈమె. మాట మాట పెరిగి, బతుకమ్మ నాడు ఆ యిద్దఱును ఒకే వలయమున ఆడుటకు ఇష్టపడక వేఱు వేఱు చోట్ల ఆడిరి. ఊరు కాని ఊరిలో మన బతుకమ్మ చుట్టు చేరువారే కొలది మంది. వారును రెండు పాయలగుట పెద్దలకు కష్టము తోచినది.

పెద్దలు చేసిన తీర్పు సులభమైనది. వల ఖర్చు సగము సగము. కట్టెలు కోళ్ళవారివి, పాతు శ్రమ తోటవారిది. ఏటేట గ్రుడ్లు కొన్ని ఇటు, కూర కొంత అటు. ఆ వల పలుమాఱులు మార్చబడినది గాని ఒప్పందము మాఱలేదు. న్యాయస్థానమున సంవత్సరములు నడువవలసిన వ్యవహారము ఒక అరుగు మీద ఒక సాయంకాలము తీఱినది.

ఇక కంచె కట్టదలచినవారికి ఉపయోగపడునని నాలుగు మాటలు చెప్పెదను. నాటుకోడి బాగుగా ఎగురును, దానికి ఆఱడుగుల యెత్తు కావలెను. హైదరాబాదు పరిశోధనశాలలో తీర్చిన వనరాజా వంటి బరువుకోళ్ళకు నాలుగడుగులు చాలును. కోడి ఎగురునపుడు ముందు కాలు మోపుటకు చోటు చూచుకొనును. కావున కంచె పైభాగమున అడ్డకఱ్ఱ పెట్టరాదు. వల పై జానెడు వదులుగా విడిచినచో వాలుటకు ఆధారము లేక వెనుదిరుగును. అడుగున వలను ఒక అడుగు వెలుపలికి మడిచి మట్టి కప్పవలెను. అప్పుడు గీకి దారి చేసికొనలేదు. పిల్లలకోడి యున్నచో క్రింది రెండడుగులకు అంగుళపు కన్నుల వల వేయవలెను. పెద్దకన్నుల నుండి పిల్లలు దూరును, వాని వెంట తల్లి గోల చేయును. ఎగురు కోడికి ఒక్క ప్రక్క రెక్క కొనయీకలు మాత్రము కత్తిరించినచో తూకము తప్పి ఎగురలేదు. ఇందు నొప్పి లేదు గాని, క్రొత్తగా మొలచుచున్న రక్తపుటీకను కోయరాదు. ఈకలు రాల్చిన పిదప క్రొత్తవి వచ్చును గనుక మఱల చూచుకొనవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. కోడికి కాదనిన చోటుతో పాటు, ఔననిన చోటును చూపవలెను. నీడను కొంత పొడిమట్టి, గీకుటకు ఆకుచెత్త, త్రాగుటకు నీరు దానికి వేఱుగా ఏర్పఱచినచో కంచె మీద ఒత్తిడి సగము తగ్గును. ఆ చెత్తయు, పెంటయు కొన్ని నెలలు మాగిన పిదప మడికి శ్రేష్ఠమైన ఎరువగును. పచ్చిపెంట వేసినచో మొక్క మాడును. విత్తనము నాటిన మడి మీద పది దినములు ముండ్లరెమ్మలు పఱచి యుంచుట మన అమ్మమ్మల పద్ధతి. నేటికిని దానిని మించినది లేదు.

కంచె వలన ఆరోగ్యమునకును మేలు కలదు. 2006 ఫిబ్రవరిలో మన మహారాష్ట్రమునందే నందుర్‌బార్ జిల్లా నవాపూర్‌లో, భారతదేశమున మొదటిసారిగా కోళ్ళకు బర్డ్ ఫ్లూ వ్యాధి కనబడినది. లక్షల కోళ్ళను చంపవలసి వచ్చినది. కోడి వంటింటిలోనికి, మంచము క్రిందికి, పిల్లవాని పళ్ళెములోనికి రాకుండుట అట్టి దినములలో ఎంత అవసరమో వేఱుగా చెప్పనక్కఱలేదు. దానికి తన చోటు వేఱుగా నుండవలెను, దానిని ముట్టిన చేతులు కడుగుకొనవలెను.

జూనీ మిల్లు 1963లో మూతపడినది. గుంటమగ్గములు పోయి మరమగ్గములు వచ్చినవి. మన షోలాపురి చద్దరు 2005లో భౌగోళిక గుర్తింపు పొందినది. దాజీ పేట్‌లో పెరడు ఉండిన చోట గదులు లేచినవి. వేంకటేశ్వరస్వామి ఆలయపు గంట వినబడునంత మేరలో ఇప్పుడు కోడికూత వినబడుట అరుదు. మిగిలిన పుంటికూర మేడమీది డబ్బాలలోనికి ఎక్కినది. అయినను కథ ముగియలేదు. కుంభారి వద్ద 2006లో బీడీకార్మిక స్త్రీల కొఱకు పదివేల యిండ్లు గోదూతాయి పరుళేకర్ పేర వెలసినవి. 2024 జనవరిలో రాయ్‌నగర్‌లో పదునైదు వేల యిండ్లు అప్పగింపబడినవి. వానిలో మన తెలుగుకుటుంబములు చాల కలవు. ఇంటి ప్రక్కన కొంచెము నేల దొరకినవారు మఱల పుంటికూర చల్లుదురు. మఱల ఒకటి రెండు పెట్టలను తెత్తురు. మఱల “వదినా, నీ కోళ్ళు” అను మాట పుట్టును.

అప్పుడు మన పెద్దలు చేసిన తీర్పును జ్ఞప్తికి తెచ్చుకొనవలెనని నా కోరిక. క్రొత్త కాలనీలో ఇల్లు కుదిరిన ప్రతి కుటుంబమును మొదటి వర్షమునకు ముందే ప్రక్కయింటివారితో కూర్చుండి, వల ఎవరిది, కట్టె ఎవరిది యని మాట్లాడుకొనుట మేలు. జగడము వచ్చిన పిదప కట్టిన కంచె ఇద్దఱి నడుమ గోడ యగును. జగడమునకు ముందే కట్టినచో అది ఇద్దఱికిని ఉమ్మడి ఆస్తి యగును. ఆ పనిలో పిల్లలను చేర్చుకొని, ఇది దడి, ఇది కంప, పూర్వము దీనిని వెలుగు అనెడివారు అని చెప్పుచు చేయింపుడు. పుస్తకమున నిలువని మాట చేతిపనిలో నిలుచును. ఈ ఏడు బతుకమ్మకు మన పెరటి బంతిపూలు కోడికాలికి చిక్కక సిబ్బికి చేరునట్లు ఆ మార్కండేయస్వామి మన యందఱికిని అనుగ్రహించుగాక.